పిడుగు దగ్గు, ముద్దపప్పు నిద్ర

వెన్నెలపాడు వాసన విభాగం లాగ్‌బుక్కు. రాసేది కొప్పిశెట్టి అమలేశ్వరి, సీనియర్ హ్యాండ్లర్. ఇక్కడ పగలు పద్నాలుగు రోజులు, రాత్రి పద్నాలుగు రోజులు; పగళ్ల లెక్క ప్రతి కొత్త పుస్తకానికీ ఒకటి నుంచి.

34వ పగలు, 1వ రోజు

ఈ పుస్తకాల్లో డ్యూటీ సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. ఆ రూలు పెట్టింది నేనే, పన్నెండేళ్లుగా తప్పుతున్నదీ నేనే.

ఉదయం డాక్టర్ నస్రీన్ గారి సర్క్యులర్ వచ్చింది. చంద్రుడి మీద ఈ మూల ఊళ్లో మనుషులకీ కుక్కలకీ ఆవిడొక్కరే డాక్టరు. సర్క్యులర్ సారాంశం ఇది: కెన్నెల్ కాఫ్ అనే కుక్కల దగ్గుకి టీకా వచ్చింది. ముక్కులో వేసే చుక్కలు. నలుగురితో కలిసి తిరిగే కుక్కలకు తప్పనిసరి, గడప దాటని కుక్కలకు యజమాని ఇష్టం.

ముక్కులో చుక్కలట! నా పిడుగు ముక్కులో! నాలుగు వందల మంది ఊపిరి ఆ ముక్కు మీద ఆధారపడి ఉంది. గోడల వెనక పైపుల్లో తిరిగే చలిగ్యాసు, గదుల్ని చల్లబరిచే విషం, కాస్త బయటికొచ్చినా మనుషులకి వాసన తెలియదు. యంత్రాలున్నాయి గాని, ఇక్కడి దుమ్ము పడితే అవి అలిగి కూర్చుంటాయి. కుక్క అలగదు. వాసన తగలగానే రెండుసార్లు దగ్గి చెబుతుంది. మొరిగితే ఎవరూ పట్టించుకోరని దగ్గడం నేర్పాం. ఆ గొప్ప ఆలోచన కూడా నాదే. అందుకే ఊళ్లో మొదటి సూత్రం, కుక్క దగ్గిన చోట మనిషి ఉండరాదు.

కాబట్టి మినహాయింపు ఉత్తరం రాశాను. "మా ఏడు కుక్కలూ ఉద్యోగులు. ఆటల హాలుకి పోవు, విందులకి పోవు, ఎవరితోనూ కలవవు. వాటికి డ్యూటీ తప్ప సంఘం లేదు." ఈ చివరి వాక్యం నాకు చాలా నచ్చింది. మిగతా ఆరుగురు హ్యాండ్లర్లూ చదవకుండానే సంతకాలు పెట్టారు.

తరవాత డ్యూటీ మార్చాను. ఎప్పటిలాగే దిగే కుక్కా ఎక్కే కుక్కా ఒకే గిన్నెలో నీళ్లు తాగాయి. అలా తాగితేనే మాకు డ్యూటీ మారినట్టు లెక్క.

క్యాంటీన్ వంటాయన పంపన బుల్లిరాజు తన కుక్కని చంకన పెట్టుకుని ఎదురొచ్చాడు. దాని పేరు ముద్దపప్పు. పేరుకి తగ్గ కుక్క. ఆటల హాల్లో మిగతావన్నీ గెంతుతుంటే ఇది వాటి మధ్య పడి నిద్రపోతుంది.

"చుక్కలేయించేశానండీ, ఆయ్! మావోడు నలుగురిలో తిరిగేవోడు కదండీ" అన్నాడు.

"తిరగడం ఎక్కడ బుల్లిరాజూ, దొర్లడం అను" అన్నాను. నాకు నోరెక్కువ.

34వ పగలు, 3వ రోజు

కొత్త వరస గదులు చూసొచ్చాను. ఇరవై గదులు, ఇరవై కుటుంబాలు. పద్నాలుగో గది నాకు, పిడుగుకి. గృహప్రవేశం ఈ పగటి పన్నెండో రోజు.

కింద భూమ్మీద ఇంట్లోకి ముందు ఆవుని తోలతారు. ఇక్కడ ఆవెక్కడిది? కుక్కని పంపుతాం. ప్రతి గదిలోనూ అది తనంతట తాను పడుకుని నిద్రపోవాలి. నేను సంతకం పెట్టాలి. ఆ తరవాతే పాలు పొంగించడం. ఒకవేళ దగ్గిందా, ఆ గదికి నలభై రోజులు తాళం.

ఇరవయ్యో గది హైమది. హైమ ఆకుకూరల తోటలో పని చేస్తుంది. ఎనిమిదో నెల దాటింది, ఇంకా ఆడవాళ్ల హాల్లో పదహారు మంచాల మధ్య పడుకుంటోంది. హాల్లో పురుడు పోయకూడదని రూలు. పన్నెండో రోజుకి సొంత గది రాకపోతే, పదమూడో రోజు ఓడలో పైన తిరిగే స్టేషన్ ఆస్పత్రికి పంపేస్తారు. బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా తిరిగి రానివ్వరు. భర్త సూరిబాబు నీళ్ల ప్లాంటులో ఉద్యోగి, వాడికి సెలవు దొరకదు.

"ఆస్పత్రిల అందరూ మంచోళ్లేనట అక్కా. గానీ నొప్పులొచ్చినప్పుడు పట్టుకోడానికి ఎవుల చెయ్యుంటాది?" అంది.

"నీకా గది ఇప్పించే పూచీ పిడుగుది" అన్నాను.

34వ పగలు, 5వ రోజు

మా హ్యాండ్లర్ యాదగిరి కుక్క షేరు దగ్గింది. షేరు పోయిన ఓడలో కొత్తగా వచ్చింది. రెండు వారాలు విడిగా ఉంచితే ఒక్క దగ్గూ లేదు, అందుకే మొన్ననే డ్యూటీలోకి తీసుకున్నాం. దగ్గగానే పంపుల గది ఖాళీ చేయించి గోడలన్నీ వెతికించాను. చలిగ్యాసు జాడే లేదు.

"ఏం గాలేదక్కా, గొంతుల ఏదో ఇరికినట్టుంది" అన్నాడు యాదగిరి.

నిజంగా అలాగే దగ్గుతోంది, మింగిన ఎముక ఏదో బయటికి తెచ్చుకోవాలన్నట్టు. అన్నం ముద్ద పెట్టాను. తిని, మళ్లీ దగ్గింది.

34వ పగలు, 6వ రోజు

ఈరోజు దగ్గులు తొమ్మిది. మూడు కుక్కలు.

మొదటిది క్యాంటీన్లో, ఇడ్లీలు వడ్డించిన మరుక్షణం. వంద మంది పళ్లేలు వదిలి పరిగెత్తారు. ఇక్కడ పరిగెడితే అడుగుకి మూడు గజాలు గాల్లో తేలతాం కాబట్టి, సాంబారు మనతోపాటే తేలుతూ వస్తుంది. రెండోది స్నానాల గదుల దగ్గర. మేనేజరు గారు ఒంటినిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని నడవాలో ముప్పావుగంట నిలబడ్డారు. అందరూ మర్యాదగా గోడవైపు చూస్తూ నమస్కారం పెట్టారు. మూడోది బళ్లో, లెక్కల పరీక్ష మధ్యలో. పిల్లలు షేరుకి దండ వేస్తామంటున్నారు.

ఎక్కడా గ్యాసు లేదు. నాకు నవ్వు రావడం లేదు.

34వ పగలు, 7వ రోజు

పిడుగు దగ్గాడు.

డ్యూటీలో కాదు. నా మంచం పక్కన, నా చెప్పు మీద తల పెట్టుకుని పడుకున్నవాడు లేచి, మెడ చాచి, బాతు అరిచినట్టు దగ్గాడు. తరవాత నావైపు చూశాడు, తప్పు చేసినవాడిలా. గ్యాసు లేకుండా దగ్గితే తిడతామని నేర్పాం కదా. కూర్చుని వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. రాయకూడదు గాని రాస్తున్నాను.

డాక్టర్ గారు ఏడింటినీ వరసగా చూశారు.

"కెన్నెల్ కాఫే. గట్టి కుక్కలు, ప్రాణభయం లేదు. రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. మెడపట్టీ తీసేయండి, ఛాతీకి కట్టే పట్టీ వేయండి. డ్యూటీ వద్దు, వేరే కుక్కల దగ్గరికి వద్దు" అన్నారు.

"ఇప్పుడు ఆ చుక్కలు వేసేయండి మేడమ్."

"వచ్చిన దగ్గుని చుక్కలు తగ్గించవండీ. చేతులు కాలాక ఆకులతో పనేముంది? అయినా మీ ఉత్తరంలో ఎవరితోనూ కలవవని రాశారే, ఏడింటికీ ఎలా అంటుకుంది?"

"అదే అర్థం కావడం లేదు. డ్యూటీ తరవాత ఎవరి గదిలో వాళ్లుంటారు. ఆటలు లేవు, పాటలు లేవు."

"నీళ్లెక్కడ తాగుతాయి?"

యాదగిరి నేల చూశాడు. రోజుకి మూడుసార్లు, ఒక కుక్క మూతి తీసిన చోటే ఇంకో కుక్క మూతి పెట్టే గిన్నె, స్టాండు మీద తళతళా మెరుస్తూ మా అందరి ముందే ఉంది. దాన్ని రోజూ తోమించేది కూడా నేనే. ఆటల హాల్లో దొర్లే కుక్కలు కూడా ఇంత దగ్గరగా మసలవు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

"షేరు ఒంట్లో దాగి ఉండొచ్చు. కొన్ని కుక్కలు దగ్గకుండానే వారాల తరబడి అంటిస్తాయి" అన్నారు డాక్టర్ గారు. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

పన్నెండో రోజుకి కొత్త వరసలో నడవడానికి ఒక్క డ్యూటీ కుక్క కూడా లేదు.

34వ పగలు, 8వ రోజు

హైమ దగ్గరికి వెళ్లాను. సంచీ సర్దుకుంటోంది. చిన్న చిన్న చొక్కాలు, పాత చీర చింపి కుట్టిన బొంతలు.

"ఆ ఉత్తరం రాసింది నేనే హైమా. రెండు చుక్కలతో పోయేదాన్ని ఇంతదాకా తెచ్చాను" అన్నాను.

ఆమె బొంత మడత పెట్టడం ఆపింది. "కోపమొస్తంది అక్కా. లేదంటే అబద్ధం. గానీ కోపం పడితే గది వస్తాదా? ఊళ్ల ఇంకో కుక్కే లేదా?"

"ఉన్నాయి. ఆటల హాలు కుక్కలు. వాటికేం తెలుసు?"

"నీ కుక్కలకి తెలిసీ ఏటయింది?" అంది.

ఆటల హాలుకి వెళ్లాను, పన్నెండేళ్లలో మొదటిసారి. అన్ని కుక్కలకీ చుక్కలు పడ్డాయి. ఒక్కటీ దగ్గడం లేదు. ఒకటి తప్ప అన్నీ నన్ను చూసి మీద పడి మొహం నాకాయి. ఇలాంటివి ఒక్క గదిలోనూ నిలకడగా పడుకోవు. నిలకడంటే ఒక్కరికే ఉంది. హాలు మధ్యలో, నాలుగు కాళ్లూ పైకెత్తి.

34వ పగలు, 9వ రోజు

ఐదు డబ్బాలు పెట్టాను. ఒకదాంట్లో, శిక్షణకి వాడే సీసాలోంచి ఒక్క బొట్టు చలిగ్యాసు తగిలించిన గుడ్డ. ముద్దపప్పుని వదిలాను. మొదటి డబ్బాకి ఆనుకుని నిద్రపోయింది.

మళ్లీ చేశాను. మళ్లీ మొదటి డబ్బా. మేనేజరు గారు చూడటానికి వచ్చారు, ఈసారి బట్టలతో.

"చక్కగా పడుకుంటోందిగా! రూల్స్ పుస్తకంలో 'కుక్క నిద్రపోవాలి' అని మాత్రమే ఉంది, ఏ కుక్కో లేదు. పన్నెండో రోజు తిప్పించి సంతకం పెట్టేయండమ్మా."

"ఎక్కడైనా పడుకునే కుక్క పడుకుంటే ఏం రుజువైనట్టండీ? ఆ గదిలో పసిబిడ్డ ఉంటుంది. నేను పెట్టను."

"పెట్టకపోతే ఆ హైమ పైన స్టేషన్‌కి పోవాలి."

"తెలుసు" అన్నాను. ఈ ఉద్యోగంలో ఇంత కష్టమైన మాట ఎప్పుడూ అనలేదు.

34వ పగలు, 10వ రోజు

బుల్లిరాజు వచ్చి, తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోకండి అమలేశ్వరి గారండీ. మీరు ఆడికి పని చెబుతున్నారండీ. ఆడికి పని తెల్దండి, నిద్రొకటే తెలుసు. ఆడు పడుకున్నాక ఆ గుడ్డేదో పక్కన పెట్టి చూడండీ."

ముద్దపప్పు గురక పెడుతోంది. మూతికి రెండు గజాల దూరంలో ఆ గుడ్డ పెట్టాను. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా గురక ఆగింది. ఒక కన్ను తెరిచింది. ఇంత బద్ధకంగా లేచే ప్రాణిని నేను చూడలేదు. మొదట వెనక సగం లేచింది, చాలాసేపటికి ముందు సగం. ఈడ్చుకుంటూ గది అవతలికి వెళ్లి, అక్కడ పడి, మళ్లీ గురక.

గుడ్డ అక్కడికి మార్చాను. లేచింది. ఉత్త గుడ్డ పెట్టాను. కదల్లేదు. నెయ్యి పూసిన గుడ్డ పెట్టాను. నిద్రలోనే నాకింది గాని కదల్లేదు. ఇరవైసార్లు చేశాను. ఇరవైసార్లూ సరిగ్గా చెప్పింది.

చుక్కలు పడితే ముక్కు పోతుందన్నది ఎవరు? నేనే. నా పిడుగు పసిగట్టే దూరంలోనే ఇదీ పసిగడుతోంది, అదీ నిద్రలో. నవ్విన నాపచేనే పండింది. బుల్లిరాజు కాళ్లకి దణ్ణం పెట్టబోతే ఆయన సిగ్గుపడి క్యాంటీన్‌లోకి పారిపోయాడు.

34వ పగలు, 12వ రోజు

ఉదయం పదింటికి మొదలుపెట్టాం. నడవా అంతా జనం. ముద్దపప్పుకి పసుపు రాసి, బొట్టు పెట్టారు. గదికి పావుగంట నిద్ర అని నేను నిర్ణయించాను. ఒకటో గదిలో అడుగు పెట్టగానే కూలబడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు, బుల్లిరాజు "ష్" అన్నాడు. పావుగంట తరవాత ఆయనే వాడిని ఎత్తుకుని రెండో గదిలో దింపాడు. అలా పదమూడు గదులు. పదమూడు సంతకాలు.

పద్నాలుగో గది నాది. పడుకున్నాడు. నేను గడియారం చూసుకుంటుండగా గురక ఆగింది. ఒక కన్ను. వెనక సగం. ముందు సగం. ఈడ్చుకుంటూ బయటికొచ్చి, నడవాలో నా కాళ్ల మీద పడి నిద్రపోయాడు.

యంత్రం సున్నా చూపిస్తోంది. అయినా గోడ విప్పించాను. పైపు అతుకు దగ్గర వెంట్రుకంత చీలిక. మెకానిక్కు గ్యాసు లెక్క పెట్టే సీసా అక్కడ ఆనిస్తే రంగు మారింది. నలభై రోజులు తాళం. నా గదికి నేనే తాళం వేసి సంతకం పెట్టాను. బాధ లేదంటే అబద్ధం, కాని బాధ కన్నా ముందు ఆ బద్ధకస్తుడి నుదుటి మీద ముద్దు పెట్టాను. పసుపు రుచి తగిలింది.

పందొమ్మిదో గది అయ్యేసరికి మూడున్నర. ఇరవయ్యో గది గుమ్మంలో హైమ, సూరిబాబు చెయ్యి పట్టుకుని నిలబడింది. పాలగిన్నె సిద్ధంగా ఉంది.

బుల్లిరాజు ముద్దపప్పుని దింపాడు. వాడు పడుకోలేదు.

నిలబడ్డాడు. తోక ఊపాడు. గది చుట్టూ తిరిగాడు. పడుకోలేదు. హైమ మొహం తెల్లబడింది. సూరిబాబు నావైపు చూశాడు, మేనేజరు గారు పుస్తకంవైపు చూశారు. గోడ విప్పించాను. ఏమీ కనపడలేదు, సీసా రంగూ మారలేదు. కాని గోడల్లో పైపు పొడుగెంతో, చీలిక ఎక్కడైనా ఉండొచ్చు.

అప్పుడు కాస్త నిదానంగా ఆలోచించాను. పద్నాలుగో గదిలో వాడు బయటికి వచ్చి పడుకున్నాడు. మరి ఇప్పుడు? వాడిని నడవాలోకి తెచ్చి వదిలాను. అక్కడా పడుకోలేదు. పిల్లల దగ్గరికి వెళ్లి గెంతాడు. ముద్దపప్పు గెంతడం ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"బుల్లిరాజూ, వీడికి గ్యాసు కాదయ్యా" అన్నాను. "ఉదయం నుంచి పందొమ్మిది నిద్రలు పోయాడు. వీడికి నిద్ర తీరిపోయింది!"

"పుట్టాక ఇదే మొదటిసారండీ!" అన్నాడు బుల్లిరాజు. ఆయన గొంతులో భయమో గర్వమో తెలియలేదు.

నడవా అంతా గొల్లున నవ్వింది. కాని నవ్వుతో సంతకం పడదు. బుల్లిరాజు క్యాంటీన్‌కి గెంతులేసి వెళ్లి, వేడన్నంలో పప్పు కలిపి, నెయ్యేసి తెచ్చాడు. పళ్లెం నడవాలోనే పెట్టాం. తిన్నాడు. మళ్లీ పెట్టాం, మళ్లీ తిన్నాడు. తరవాత ఎవరూ వాడిని ఎత్తలేదు, పిలవలేదు. నూటయాభై మంది నేల మీద చతికిలబడి ఒక కుక్కకి ఆవులింత ఎప్పుడొస్తుందా అని చూశాం. గంటా పది నిమిషాలు.

నడవా ఆ చివర నాలుగు గదుల తలుపులు తెరిచి ఉన్నాయి. ముద్దపప్పు లేచి, నడుచుకుంటూ ఇరవయ్యో గదిలోకి వెళ్లాడు. మూడు చుట్లు తిరిగి గోడ పక్కన, మంచం వేయాల్సిన చోట పడుకున్నాడు. పావుగంట చాలు. నేను అరగంట ఆగాను. గురక నడవా చివరిదాకా వినిపించింది.

సంతకం పెట్టాను. హైమ పాలు పొంగించింది, సూరిబాబు ఓడ టిక్కెట్టు మేనేజరు గారికి తిరిగి ఇచ్చేశాడు.

35వ పగలు, 2వ రోజు

నిన్న హైమకి ఆడపిల్ల పుట్టింది, ఇరవయ్యో గదిలో. సూరిబాబు చెయ్యి వాచి ఉంది. అంత గట్టిగా పట్టుకుందట.

ఏడు కుక్కలకీ దగ్గు పూర్తిగా తగ్గింది. డాక్టర్ గారు సరే అన్నాక అన్నిటికీ చుక్కలు వేయించాను. పిడుగు తుమ్మి, నన్నొక శత్రువుని చూసినట్టు చూసి, సాయంత్రానికి మర్చిపోయాడు. పరీక్ష పెట్టాను. ముక్కు చెక్కు చెదరలేదు. గ్యాసు దొరికితే ఇకమీదట దగ్గవు, ముందు కాలితో నేల కొడతాయి, అది నేర్పుతున్నాను. కొత్త ఉత్తరం కూడా రాశాను: "మా కుక్కలు నలుగురిలో తిరిగేవే. మేమే గమనించలేదు."

నా గదికి ఇంకా తాళమే. హైమ కబురు పంపింది, తాళం తీసేదాకా నా దగ్గరే ఉండు, పిల్లని ఎత్తుకోడానికి ఓ చెయ్యి కావాలని. పెట్టె సర్దుకుని, పిడుగుని తీసుకుని వెళ్లాను. గుమ్మం దాటబోతే మంచం మీంచే ఆపింది.

"అక్కా, చీటీ ఏది?"

"ఏం చీటీ?"

"పిడుగుకి చుక్కలేసినట్టు డాక్టరమ్మ చీటీ. ముద్దపప్పు ఈ గది వదిలి కదలడం లేదు. ఆడిని చూడ్డానికి హాలు కుక్కలన్నీ వస్తన్నాయి. నలుగురు కూడే చోటు అక్కా ఇది. చీటీ లేని కుక్కని రానివ్వను."

నేను పన్నెండేళ్ల సీనియర్ని. ఈ వరసలో పందొమ్మిది గదులు నా సంతకంతో తెరిచినవే. చీటీ పెట్టె అడుగున ఉంది. గుమ్మంలో కూర్చుని, పెట్టె విప్పి, బట్టలన్నీ బయటికి తీసి, వెతికి ఇచ్చాను. హైమ అక్షరం అక్షరం చదివింది. లోపల ముద్దపప్పు పక్కనే పాప నిద్రపోతోంది.

"ఇంక రండి" అంది హైమ.